నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 5, 2025

విజయదశమి వెళ్లిన మూడో రోజున, విజయవాడ సింగ్‌నగర్ ఇంటి వెనక గదిలో మంచం కింద ఉన్న నాన్నగారి నల్ల ట్రంకు పెట్టెను నేనూ తమ్ముడూ కలిసి వరండాలోకి లాగాం. ఏటా ఆయుధ పూజనాడు ఆయన తన పానాల సెట్టును ఆ పెట్టె మూత మీదే పరిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. ఆయన పోయి ఏడాది తిరగలేదు కాబట్టి ఈసారి ఇంట్లో పండగా లేదు, పానాలకు పూజా లేదు. అమ్మ పెట్టె వంక కాసేపు చూసి, "సంవత్సరీకం లోపల దీన్ని ఒక దారికి తెండి, లేదంటే పాత ఇనుప సామాన్ల వాడికి వేసేయండి, చూసినప్పుడల్లా నాకు ఆ నీళ్లే గుర్తొస్తున్నాయి" అంది.

ఆ నీళ్లంటే 2024 సెప్టెంబరు 1న మా వీధుల్ని ముంచిన బుడమేరు వరద. ఎనభయ్యో ఏట ఉన్న నాన్నగారిని పక్కింటి కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి ఎక్కించారు. ఆయన చేత్తో పట్టుకుని వెళ్లింది పెన్షన్ కాగితాల ఫైలు ఒక్కటే. పెట్టె బరువు చూసి ఎవరూ దాని జోలికి పోలేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, అంత నిండుగా ఉన్న కృష్ణా నది బుడమేరు మళ్లింపు కాలువ నీటిని తీసుకోలేకపోవడంతో మా వీధిలో నీరు రోజుల తరబడి కదల్లేదు. డ్రోన్లు అన్నం పొట్లాలు జారవిడుస్తుంటే పిల్లలు కేరింతలు కొట్టారు గాని, నాన్నగారు వాటిని పట్టించుకోలేదు. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం దిగిందని ఎవరో ఫోనులో చూపించినప్పుడు మాత్రం కళ్లజోడు తెప్పించుకుని, "ఏ యూనిట్టు?" అని అడిగారు. నీరు తీశాక అమ్మ పెట్టెలోని కాగితాలను మేడ మీద దండేనికి ఆరేసి, ఆరినవి ఆరినట్టు మళ్లీ అందులోనే పడేసి మూత వేసింది. 2025 ఫిబ్రవరిలో, మాఘ మాసంలో, నాన్నగారు నిద్రలోనే వెళ్లిపోయారు. పెట్టెను ఆ మధ్యలో ఎవరూ తెరవలేదు.

ఈ డైరీ రాయడానికి కారణం, పని మధ్యలో ఏది ఎందుకు చేశానో తర్వాత నాకే గుర్తుండదన్న భయం. లెక్కల టీచరుగా ముప్పై ఏళ్లు పిల్లలకు "మెట్లు రాయండి" అని చెప్పినదాన్ని, నా లెక్కకు నేనే మెట్లు రాయకపోతే బాగుండదు. చేయదలచుకున్నది ఇది: పెట్టెను నిలబెట్టాలి, ఉత్తరాలను విప్పి వరస చేయాలి, పతకాలన్నీ అమర్చిన ఒక అద్దాల పెట్టెను హాల్లో గోడకు పెట్టాలి, దాని కింద ఒక పలక మీద ఆయన జీవితాన్ని నాలుగు వాక్యాల్లో రాయాలి. పలక మాటలు తమ్ముడు అప్పుడే రాసేశాడు: "1971 యుద్ధంలో ఢాకా విజయంలో పాల్గొన్న వీర సైనికుడు." మా బంధువులందరికీ తెలిసిన కథ అది. హాల్లో నలభై ఏళ్లకు పైగా వేలాడిన లొంగుబాటు ఫొటో, పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం చేస్తుండగా పక్కన మన జనరల్ అరోరా కూర్చున్న ఆ పాత పత్రికా చిత్రం, వరదలో ఫ్రేముతో సహా పోయింది. మాటలు మాత్రం మిగిలాయి.

అక్టోబరు 15

ఈ రోజు ఇ.ఎం.ఇ. కోర్ డే. సైన్యంలో వాహనాల నుంచి రాడార్ల దాకా బాగుచేసే ఆ విభాగం 1943లో ఇదే రోజున ఏర్పడింది. ఏటా ఈ తేదీన నాన్నగారు ఉదయమే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత స్నేహితులకు వరసగా ఫోన్లు చేసి, దూరం ఎక్కువైతే గొంతూ పెంచాలన్నట్టు హిందీలో కేకలు వేసేవారు. అందుకే పని ఈ రోజు మొదలుపెట్టాలనిపించి, పెట్టెను ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకువెళ్లాను.

అక్కడి మేస్త్రి పద్నాలుగో ఏట నాన్నగారి దగ్గర పనిలో చేరినవాడు, ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాడు. 1984లో హవల్దారుగా బయటికి వచ్చిన నాన్నగారు ఆ తర్వాత పాతికేళ్లు ఆటోనగర్‌లోనే లారీ ఇంజన్ల పని చేశారు కాబట్టి, ఆ వీధుల్లో ఆయన చేతి కింద నేర్చుకున్నవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. మేస్త్రి పెట్టెను బోర్లించి, అడుగు రేకును బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగబడింది. "అక్కయ్యా, దీని అడుగు జల్లెడయిపోయింది. ఇంత పని చేసే ఖర్చుతో కొత్తది రెండు వస్తాయి. కాని కొత్తది తీసుకోమంటే గురువుగారు పైనుంచి తిడతారు" అని తనే నవ్వి, పాత రేకు కోయడానికి గీత గీశాడు.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. కొత్త రేకును వెల్డింగుతో అతికిస్తే ఆ వేడికి పక్క రేకుల మీది పాత రంగు బుడగలు లేచి రాలిపోతుంది. రంగు పోతే పోయింది, కొత్తగా స్ప్రే చేద్దామన్నాడు మేస్త్రి. నాకు మనసొప్పలేదు, ఎందుకో అప్పటికి చెప్పలేకపోయాను. చివరికి వెల్డింగు మానేసి రివెట్లతో బిగించి, సందుల్లో సీలెంట్ పెట్టాలని నిర్ణయించుకున్నాం.

అక్టోబరు 19

నా మొండితనానికి ఈ రోజు ఫలితం దొరికింది. పెట్టె ముందు భాగంలో బురద చారలు పోవడానికి 800 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బు నీళ్లలో తడిపి నెమ్మదిగా రుద్దుతున్నాను. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది కాబట్టి పొడిగా రుద్ది ఆ ధూళి పీల్చకూడదు. తడిపి రుద్దడం, ముక్కుకు మాస్కు, నీళ్లను మొక్కల్లో పోయకపోవడం, ఈ మూడూ పాటించాను. పైన తెల్ల అక్షరాల్లో ఆయన నంబరు, హవల్దారు హోదా, పేరు ఉన్నాయి. ఒక అక్షరం అంచున నల్ల రంగు పలచబడగానే, దాని కింద రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి మరో తెల్ల గీత కనిపించింది. ఇంకొంచెం రుద్దితే అది "నాయక్" అన్న హోదాకు వాడే పొట్టి అక్షరాలని తేలింది. దాని కిందా మరో పొర ఉంది. మూడో పొరలో మొదటి హోదా బయటపడింది: క్రాఫ్ట్స్‌మన్.

ఇ.ఎం.ఇ.లో సిపాయి అనరు, ఆ హోదా వాణ్ణి క్రాఫ్ట్స్‌మన్ అంటారు. 1962 యుద్ధం తర్వాత సైన్యం విస్తరిస్తున్న రోజుల్లో, 1963లో, పంతొమ్మిదేళ్ల వయసులో చేరి సికింద్రాబాద్‌లో శిక్షణ పొందిన కుర్రవాడు తన పెట్టె మీద తనే కుంచె పట్టి రాసుకున్న అక్షరాలవి. కొంచెం వంకరగా, చివరకు వచ్చేసరికి చోటు చాలక ఇరుకుగా ఉన్నాయి. హోదా పెరిగినప్పుడల్లా పైన నల్ల రంగు పూసి మళ్లీ రాసుకున్నారు. నంబరు మూడు పొరల్లోనూ అదే. హవల్దారు పొరలోని అక్షరాలు నిటారుగా, సమంగా, స్కేలు పెట్టినట్టు ఉన్నాయి; ఆ చేతిరాతే మా స్కూలు పుస్తకాల అట్టల మీద మా పేర్లు రాసింది.

అరచేయంత మేర, ఎనిమిది సెంటీమీటర్లు పన్నెండు సెంటీమీటర్లు, మూడు పొరలూ మెట్లు మెట్లుగా కనిపించేటట్టు తెరిచి ఆపేశాను. మిగతా భాగం ముట్టుకోను. మేస్త్రి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత స్ప్రే గన్ను తీసి లోపల పెట్టేశాడు.

అక్టోబరు 29

మొంథా తుఫాను వానలు. షెడ్డులో రంగు పని, సీలెంట్ పని రెండూ ఆగాయి. అమ్మ నిన్నటి నుంచి అరగంటకోసారి వీధిలోకి చూస్తోంది. ఈసారి కాలువ పొంగలేదు. ఇంట్లో కూర్చుని ఉత్తరాలు మొదలుపెట్టాను.

పెట్టెలో మొత్తం 63 ఉత్తరాలు ఉన్నాయి. ఇవి నాన్నగారు రాసినవి కావు, అమ్మ ఆయనకు రాసినవి. ఆయన ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మోసుకుని తిరిగారన్నమాట. ఆయన రాసిన తొమ్మిది ఉత్తరాలను అమ్మ బీరువా పై అరలో దాచింది కాబట్టి వాటికి వరద తగలలేదు. పెట్టెలోనివి ఎక్కువగా నీలం ఇన్‌లాండ్ లెటర్లు. బురదతో ఒకదానికొకటి అంటుకుపోయి అట్టల కట్టలా తయారయ్యాయి. ఒకదాన్ని తొందరపడి గోటితో విడదీయబోతే మడత దగ్గర చినిగింది. ఆ తప్పు ఒక్కదానితో ఆపి, పద్ధతి మార్చాను.

పద్ధతి ఇది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి గుడ్డ పరిచి, దాని మీద నీళ్లు తగలకుండా ఎత్తుగా ప్లాస్టిక్ జల్లెడ బోర్లించి, ఉత్తరాల కట్టను జల్లెడ మీద ఉంచి మూత పెట్టాలి. నాలుగైదు గంటల్లో కాగితం ఆ చెమ్మను పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పుడు పలచగా చెక్కిన వెదురు బద్దతో అంచు నుంచి లోపలికి నెమ్మదిగా విడదీసి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన నిఘంటువులు బరువు వేయాలి. రాత్రంతా డబ్బాలో వదిలేస్తే బూజు పడుతుంది, కాబట్టి పడుకునే ముందు డబ్బా ఖాళీ చేయాల్సిందే. ఆరాక బురదను మెత్తటి బ్రష్షుతో దులిపాను. దానికి మా కోడలి మేకప్ బ్రష్షు ఒకటి బలైపోయింది. లామినేషన్ చేయించమని ముగ్గురు సలహా ఇచ్చారు. చేయించను. వేడికి ఆ ప్లాస్టిక్ కాగితానికి ఒకసారి అతుక్కుంటే మళ్లీ తీయలేం, సెల్లో టేపు కూడా అంతే.

బాల్ పెన్నుతో రాసినవి దాదాపు చెక్కు చెదరలేదు. సిరా పెన్నుతో రాసిన వాటిలో చాలావరకు లేత నీలి మరక తప్ప ఏమీ మిగల్లేదు. అమ్మ 1973 వరకు సిరా పెన్నే వాడింది.

నవంబరు 9

41 ఉత్తరాలు విప్పాను. తేదీ వేసే అలవాటు అమ్మకు లేదు, "శుక్రవారం" అని మాత్రం రాస్తుంది. ఏ శుక్రవారమో తేల్చడానికి తపాలా ముద్రలే ఆధారం, అవీ సగం చెరిగిపోయాయి. ఇక్కడ ఒక చిన్న తపాలా బిళ్ల చాలా సాయం చేసింది.

బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి 31 దాకా ఉత్తరాలకు మామూలు తపాలా ఖర్చు కాకుండా అదనంగా 5 పైసల శరణార్థి సహాయ బిళ్ల అంటించాల్సి వచ్చేది. మొదట్లో కొత్త బిళ్ల అచ్చుకు సమయం చాలక, అప్పటికే ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ల మీదే "శరణార్థి సహాయం" అన్న మాట అదనంగా ముద్రించి అమ్మారు. శరణార్థుల బొమ్మతో ప్రత్యేక బిళ్ల డిసెంబరు 1న వచ్చింది. అంటే ఆ బిళ్ల ఉన్న ప్రతి ఉత్తరం ఆ పదహారున్నర నెలల లోపలిదే. వరద నీటికి జిగురు కరిగి బిళ్లలన్నీ ఊడి, దొరికిన ఉత్తరానికి అంటుకున్నాయి. ఏ బిళ్ల ఏ ఉత్తరానిదో తేల్చడానికి తపాలా ముద్ర గుండ్రాలను చూశాను: ముద్ర సగం బిళ్ల మీద, సగం కాగితం మీద పడుతుంది కదా, రెండు వంపులూ కలిస్తే ఆ బిళ్ల దానిదే. సాయంత్రమంతా పటకారుతో బిళ్లలు జరుపుతూ కూర్చుంటే, పక్కన మనవడు జిగ్సా ఆట అనుకుని తనూ చేరాడు. వాడికి నాకన్నా చూపు బాగుంది. 14 బిళ్లల్లో 5 వాడే కలిపాడు.

ఇంకో సంగతి. 1971–72 నాటి ఉత్తరాలన్నిటి మీదా చిరునామా చివర "56 ఎ.పి.ఓ." (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంది. సైనిక తపాలాలో పశ్చిమ, ఉత్తర ప్రాంతాల యూనిట్లకు 56 ఎ.పి.ఓ., తూర్పు ప్రాంతానికి 99 ఎ.పి.ఓ. వాడతారు. ఢాకా వైపు ఉన్న మనిషికి ఉత్తరం 56కు ఎందుకు వెళ్తుంది? ఈ ప్రశ్న డైరీలో రాసి, తమ్ముడికి చెప్పకుండా ఊరుకున్నాను.

నవంబరు 16

పతకాలు. బురద గడ్డకట్టి ఉన్న వాటిని స్వేదన జలంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో కడిగి, వెంటనే ఆరబెట్టాను. బ్రాసో ముట్టుకోలేదు. నాన్నగారు జనవరి 26కు, ఆగస్టు 15కు ముందు రోజు సాయంత్రం న్యూస్‌పేపరు పరుచుకుని, బ్రాసోతో ఈ పతకాలను బూట్ల బకిళ్లతో సమానంగా తోమేవారు. వాటి అంచుల మీద చెక్కిన నంబరూ పేరూ అరిగిపోయింది అందుకే. ఫోను లైటును బాగా ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనిపించవు.

డిశ్చార్జి బుక్కు పెన్షన్ ఫైల్లో భద్రంగా ఉండటంతో, అందులోని జాబితాతో పోల్చుకోగలిగాను. 1965 ఆగస్టు 5 నాటికి సర్వీసులో ఉన్నవారికి వచ్చిన రక్షా మెడల్, 1971 డిసెంబరు 3 నాటికి ఉన్నవారికి వచ్చిన సంగ్రామ్ మెడల్, జమ్మూ-కాశ్మీర్ పట్టీ ఉన్న సైన్య సేవా మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం, 20 ఏళ్ల సర్వీసు పతకం ఉన్నాయి. 9 ఏళ్ల సర్వీసు పతకం జాబితాలో ఉంది, పెట్టెలో లేదు. సికింద్రాబాద్ లాల్ బజార్‌లో నకలు దొరుకుతుందన్నారు కాని, అంచు మీద ఆయన పేరు లేని పతకం నాకు అక్కర్లేదు. దాని చోటులో రిబ్బను ఒక్కటే కుడతాను.

ఆరోది నక్షత్రం. అయిదు కోణాల కంచు నక్షత్రం, నడుమ రాజముద్ర. మట్టి కరిగాక హిందీ అక్షరాలు చదవగలిగాను. తూర్పు రంగంలో పనిచేసినవారికి ఇచ్చింది పూర్వీ స్టార్. ఇది పశ్చిమీ స్టార్.

వెంటనే పాత ఆల్బమ్ తీశాను. గూర్ఖా టోపీలా పక్కకు వాల్చిన టోపీతో, కుర్చీ చేతి మీద చెయ్యి వేసి నిలబడిన నాన్నగారి ఫొటో వెనక స్టూడియో ముద్రలో ఊరి పేరు మాత్రం తెలుస్తోంది: పఠాన్‌కోట్. చేతిలో మూడు ఆధారాలున్నాయి, మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. 1971 డిసెంబరు 16న ఢాకాలో సంతకాలు జరుగుతున్నప్పుడు మా నాన్నగారు ఆ ఊరికి దేశం అవతలి కొసన ఉన్నారు.

నవంబరు 23

తమ్ముడికి ఫోనులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఏమిటక్కా? బంధువులందరికీ తెలిసిన మాటే. ఉన్నదాన్ని ఇప్పుడు చెరిపి ఏం సాధిస్తావు? చూసేవాళ్లు ఆయన్ని తక్కువ చేసినట్టు అనుకోరూ?" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. వాడు స్కూల్లో ఎన్నిసార్లు ఆ మాట చెప్పుకుని ఛాతీ విరుచుకున్నాడో నాకు తెలుసు. కాని పతకం మీద ఒకటి ఉండి, దాని కింద పలక మీద మరొకటి ఉంటే, రేపు హిందీ చదవగలిగిన ఏ పిల్లవాడైనా మొత్తాన్నీ అబద్ధమే అనుకుంటాడు. పలక మీదికి కాగితంతోనో, లోహంతోనో రుజువైనది తప్ప రాదని తేల్చి చెప్పాను. వాడు ఫోను పెట్టేశాడు.

డిసెంబరు 16

విజయ్ దివస్. పెట్టె ఇంటికి వచ్చింది. అడుగున 20 గేజి కొత్త రేకు, చుట్టూ రివెట్లు, లోపలి వైపు రెడ్ ఆక్సైడ్. కూలీ పుచ్చుకోమని మేస్త్రిని బతిమాలాల్సి వచ్చింది.

తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర మళ్లీ పలక మాట వచ్చి ఇద్దరం గొంతు పెంచుకున్నాం. అమ్మ మజ్జిగ పోస్తూ, "ఆ ఫొటో మీ నాన్న తెచ్చింది కాదు కదే" అంది.

ఇద్దరం ఆగిపోయాం.

"నువ్వు ఆరో తరగతిలో స్కూలు చార్టు కోసం పాత పత్రికలోంచి కత్తిరించావు. చార్టు బాగుందని టీచరు మెచ్చుకుంటే, ఆ బొమ్మకు ఫ్రేము కట్టించమని నా ప్రాణం తీశావు. అందులో వెనక నిలబడ్డవాళ్లలో మీ నాన్న ఉన్నాడని నీ స్నేహితురాళ్లకు చెప్పింది కూడా నువ్వే."

నాకేమీ గుర్తు లేదు. గుర్తు లేదనుకున్నాను గాని, అమ్మ చెబుతుంటే ఒక దృశ్యం నిదానంగా పైకి తేలింది. నాన్నగారు సెలవు మీద వచ్చి, గోడ మీద ఆ ఫొటో చూసి, నన్ను పిలిచి, "లారీలు బాగుచేసేవాణ్ణి ఆ సంతకాల బల్ల దగ్గరికి ఎవరు రానిస్తారమ్మా?" అన్నారు. ఆయన వినయంగా మాట్లాడుతున్నారనుకున్నాను. ఆయన చెప్పింది నిజం. ఆ తర్వాత ఆయన ఆ కథను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చుట్టాలు అడిగితే లేచి చపాతీల పిండి కలపడానికి వెళ్లిపోయేవారు. ఆదివారం చపాతీలు ఆయన వంతు.

ఇన్నాళ్లూ తమ్ముడికీ, చుట్టాలకీ అంటుకున్న కథకు మూలం నేనే కాబట్టి, దాన్ని తీసేసే బాధ్యత కూడా నాదేనని వాడితో అన్నాను. వాడు నవ్వాడు. పలక మీద ఏం రాయాలో చూద్దామని బీరువాలోంచి ఆయన తొమ్మిది ఉత్తరాలూ తెప్పించాడు.

1971 డిసెంబరు చివర్లో రాసిన ఉత్తరంలో యుద్ధం గురించి ఉన్నది ఇంతే: రాత్రిళ్లు దీపం వెలిగించే వీలు లేదు, బండ్లు తెల్లారేలోగా కదలాలి, చీకట్లో నట్టు సైజు వేలితో తడిమి చెప్పగలుగుతున్నాను, చలికి పానా చేతికి అంటుకుంటోంది, నీకు చేతి తొడుగులు అల్లడం వస్తే రెండు జతలు పంపు. ఆటోనగర్‌లో కరెంటు పోయినప్పుడు మిగతా షెడ్లవాళ్లు పెట్రోమాక్స్ కోసం వెతుక్కుంటుంటే, ఆయన శక్తిమాన్ లారీ కిందయినా, అశోక్ లేలాండ్ కిందయినా పడుకుని "పద్నాలుగు ఇయ్యి, పదిహేడు ఇయ్యి" అంటూ పని కానిచ్చేసేవారని మేస్త్రి ఎప్పుడూ చెబుతుంటాడు. ఆ విద్య ఎక్కడ అబ్బిందో నాకు ఈ రోజు తెలిసింది.

పలక మాటలు ఇద్దరం కలిసి రాశాం. "1963–1984: భారత సైన్యం, ఇ.ఎం.ఇ., వెహికల్ మెకానిక్. 1971లో పశ్చిమ రంగంలో. 1984 నుంచి పాతికేళ్లు ఆటోనగర్‌లో. చీకట్లోనూ పానా సైజు తప్పని చేయి." చివరి వాక్యం తమ్ముడిది.

డిసెంబరు 28

ఉత్తరాలు అన్నీ విప్పాను. చిట్టచివరకు మిగిలిన కట్ట నడుమ, మిగతావాటి కన్నా పలచగా అరిగిపోయిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి దొరికింది. ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడతలు కాగితంలా కాక పాత గుడ్డలా ఉన్నాయి. బురద మొత్తం పట్టేసింది, సిరా కరిగి నీలి మబ్బులా పాకింది. కుడివైపు కింది మూల మాత్రం ఒక బొటనవేలి ముద్ర ఉంది, గ్రీజు ముద్ర. గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. గ్రీజు పీల్చుకున్న ఆ కాస్త చోటులో నీరు దిగలేదు, సిరా కరగలేదు. ఆ వేలిముద్ర లోపల అమ్మ చేతిరాత మూడు ముక్కలుగా మిగిలింది: "గురువారం", "ఆడపిల్ల", "మీ ముక్కే".

అమ్మ పురిటికి గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింటికి వెళ్లింది. నేను పుట్టింది 1971 డిసెంబరు 9, గురువారం. ఉత్తరం మీది గుంటూరు తపాలా ముద్రలో 13 అన్న తేదీ కనిపిస్తోంది, దాని వంపుతో సరిగ్గా కలిసిన బిళ్ల కుటుంబ నియంత్రణ బిళ్ల. అది చూసి అమ్మ చాలా రోజుల తర్వాత పడీ పడీ నవ్వింది.

జనవరి 18, 2026

అద్దాల పెట్టె బిగింపు. టేకు ఫ్రేము, లోపల యాసిడ్ లేని అట్ట, దాని మీద ఖద్దరు గుడ్డ. పతకాలను జిగురుతో కాక దారంతో కుట్టాను, ఏ రోజైనా గుడ్డకు దెబ్బ తగలకుండా విప్పుకోవచ్చు. చూసేవారి ఎడమ చేతి వైపు నుంచి నక్షత్రం ముందు, సర్వీసు పతకాలు చివర. ఖాళీ చోటులో 32 మిల్లీమీటర్ల వెడల్పు రిబ్బను. వరద తర్వాత హాలు గోడకు ఇంకా చెమ్మ ఉంది కాబట్టి, ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు పెట్టి గాలి ఆడే సందు వదిలాను. లోపలి సిలికా జెల్ పొట్లాన్ని ఆరు నెలలకోసారి మార్చాలి. కుడివైపు సగాన్ని గ్రీజు ముద్ర ఉత్తరానికి వదిలిపెట్టాను. నా దృష్టిలో ఆ ఏడు పతకాల చోట్ల కంటే ఇదే ముఖ్యం.

జనవరి 25

అద్దం బిగించే ముందు అమ్మను పిలిచి చూపించాను. పతకాలన్నీ చూసింది, పలక చదివించుకుంది, రివెట్లు తడిమింది. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపింది.

"ఇది గోడకు పెట్టడానికి వీల్లేదు. రాసింది నేను."

ఎండ తగలదని, దుమ్ము పడదని, అద్దం వెనక వందేళ్లు ఉంటుందని నేను చెప్పింది ఏదీ ఆమె చెవికెక్కలేదు. నకలు తీసి పెట్టుకోమంది. 600 డి.పి.ఐ.లో స్కాన్ చేసినది ఉంది కాబట్టి అదే అచ్చు తీయించి ఆ చోటులో అమర్చాను. వేలిముద్ర గీతలు అందులోనూ కనిపిస్తున్నాయి, గ్రీజు వాసన మాత్రం లేదు.

ట్రంకు పెట్టెను ఈసారి మంచం కింద పెట్టలేదు, మేడ మీద గదిలో ఇనుప స్టాండు మీద ఉంచాం. అమ్మ అందులో ఆయన ఊలు దుప్పటి పరిచి, అసలు ఉత్తరాన్ని దాని మడతలో పెట్టింది. కలరా ఉండలు వేయబోతే కాగితానికి మంచిది కాదని ఆపాను. "మీ నాన్న వేసేవాడు" అని, నేను అటు తిరగ్గానే రెండు వేసేసింది. తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. సాయంత్రం మేస్త్రి కొత్త రేకు చెమ్మ పట్టిందేమో చూసి వెళ్దామని వచ్చాడు. అమ్మ పూజలో ఉంది, తాళంచెవి ఇవ్వలేదు. టీ తాగి, పెట్టెను బయటి నుంచే నాలుగు వైపులా తట్టి చూసి వెళ్లిపోయాడు.